పాపాలు ఫాదర్‌కి ఎందుకు చెప్పాలి, నేరుగా దేవుడికి చెప్తే చాలదా? (బైబిల్ లోంచే మాట్లాడుకుందాం)

చిన్నమంద:
అందరికీ వందనాలు. నేను పుట్టుకతో కథోలికురాలిని, చిన్నప్పట్నుంచి పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్తున్నా కానీ ఎందుకు వెళ్తున్నానో ఎప్పుడూ గట్టిగా ఆలోచించలేదు. నా ఫ్రెండ్ వేరే సంఘానికి వెళ్తుంది, చాలా భక్తి గల అమ్మాయి, బైబిల్ నాకంటే బాగా తెలుసు. తను అడిగింది, దేవునికీ మనుషులకీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని 1 తిమోతి 2:5 లో ఉంది కదా, మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడు అని 1 యోహాను 1:9 లో ఉంది కదా, మరి మధ్యలో ఇంకో మనిషి ఎందుకు అని. నేను యోహాను 20:23 చూపించా, అది సువార్త ప్రకటించడం గురించి అంది. ఇంక నా దగ్గర మాట లేదు. వాదించి గెలవాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది. "శ్రీసభ (కథోలిక సంఘం) చెప్పింది కాబట్టి" అని కాకుండా వాక్యంలోంచి చెప్పగలరా ఎవరైనా?

ఉపదేశి:
అమ్మా, ముందు నీ ఫ్రెండ్ చెప్పిన దాంట్లో నిజం ఉన్నంత వరకు మనస్ఫూర్తిగా ఒప్పుకుందాం. పాపాలు క్షమించేది దేవుడొక్కడే. మన సత్యోపదేశంలో (శ్రీసభ బోధనల పుస్తకం) 1441వ పేరా మొదలయ్యేదే ఆ మాటతో. కాబట్టి ఇక్కడ గొడవ "దేవుడా ఫాదరా" అని కాదు, ఆ క్షమాపణని మన దగ్గరికి ఎలా చేర్చాలని దేవుడు అనుకున్నాడు అన్నదే అసలు ప్రశ్న, దాన్ని మనం నిర్ణయించలేం, ఆయనే చెప్పాలి.

1 యోహాను 1:9 లో ఒప్పుకోమని ఉంది, ఎవరి ముందు అనేది లేదు. "నేరుగా, ఎవరూ లేకుండా" అని చదివేవాళ్ళు ఆ మాటని బయట్నుంచి తెచ్చి పెడుతున్నారు, మనం అక్కడ "ఫాదర్‌కి" అని పెట్టినా అదే పొరపాటు. ఆ ఒక్క వచనం మీద ఎవరూ గెలవరు, ముందుకెళ్దాం.

మత్తయి 9 చదువు. పక్షవాత రోగికి యేసు "నీ పాపాలు క్షమించబడ్డాయి" అంటాడు, శాస్త్రులు ఇది దేవదూషణ అనుకుంటారు, ఆయన లేపి నడిపిస్తాడు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది, 8వ వచనం మాత్రం దాటేస్తారు. జనం ఏమని దేవుణ్ణి మహిమపరిచారు? మనుషులకి ఇలాంటి అధికారం ఇచ్చినందుకు. "ఒక మనిషికి" అని కాదు, "మనుషులకి" అని మత్తయి రాశాడు. దేవుడే క్షమిస్తాడు, మనుషుల ద్వారా క్షమిస్తాడు, ఈ రెండూ ఆ ఇంట్లోనే కలిశాయి.

ఇప్పుడు యోహాను 20. పునరుత్థానం రోజు సాయంత్రం, తలుపులు వేసుకుని భయంగా కూర్చున్నారు శిష్యులు. ఆయన వచ్చి శాంతి పలికి "తండ్రి నన్ను పంపినట్టు నేను మిమ్మల్ని పంపుతున్నా" అన్నాడు. తండ్రి ఆయన్ని దేనికి పంపాడు? పాపుల కోసం. తర్వాత వాళ్ళ మీద ఊదాడు, ఆదికాండం 2:7 లో మట్టి మనిషిలోకి దేవుడు ఊపిరి ఊదినట్టు. "పరిశుద్ధాత్మని పొందండి, మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమించబడతాయి, ఎవరివి నిలిపి ఉంచితే అవి నిలిచిపోతాయి." రెండు దారులు ఇచ్చాడు చూడు. క్షమించాలా నిలపాలా అని వాళ్ళకి తెలియాలంటే ఎదుటివాడు నోరు తెరిచి చెప్పాలి కదా, మనసులు చదివే వరం అక్కడ ఇచ్చినట్టు రాయలేదు మరి.

బెరయవాసి:
వందనాలు అందరికీ. నేను కథోలికుణ్ణి కాదు, కానీ చర్చ మర్యాదగా ఉంది కాబట్టి రాస్తున్నా. ఉపదేశి గారూ మీరు యోహాను 20 చదివిన తీరు బాగుంది కానీ అదే సాయంత్రం గురించి లూకా ఏం రాశాడో కూడా చూడాలి. లూకా 24:47 లో ఆయన పేరున పాపక్షమాపణ అన్ని జనాలకి ప్రకటించబడాలి అని ఉంది. ప్రకటించబడాలి! అంటే సువార్త విని నమ్మినవాడికి క్షమాపణ, తిరస్కరించినవాడి పాపం నిలిచిపోతుంది, "నిలపడం" అంటే అదే. పేతురు కూడా అపొస్తలుల కార్యములు 10:43 లో ఆయన్ని నమ్మిన ప్రతివాడికీ పాపక్షమాపణ అన్నాడు, నా దగ్గర ఒప్పుకున్నవాడికి అనలేదు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. అపొ. కార్యములు 8 లో సీమోను బాప్తిస్మం తీసుకున్నాక డబ్బిచ్చి ఆత్మ వరం కొనాలని చూశాడు. పేతురు ఏమన్నాడు? మారుమనస్సు పొంది ప్రభువుని వేడుకో అన్నాడు (8:22). మీరు చెప్పే అధికారం పేతురుకే ఉంటే నా ముందు మోకరించు, నేను క్షమిస్తా అనాలి కదా. నేరుగా ప్రభువు దగ్గరికే పంపించాడు.

చిన్నమంద:
సీమోను సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు... దీనికి జవాబు ఉందా?

గోధుమగింజ:
ఉంది సిస్టర్, ఆ వచనం ముందూ వెనకా చదివితే. పేతురు 21లో "ఇందులో నీకు వాటా లేదు, నీ హృదయం దేవుని ఎదుట సరిగ్గా లేదు" అన్నాడు, 23లో "నువ్వు పాపపు కట్లలో ఉన్నావు" అన్నాడు. అంటే అతని పాపం మీద పేతురు అక్కడికక్కడే ఒక తీర్పు చెప్పాడు, ఇంకా నీ పాపం పోలేదు అని ముఖం మీదే చెప్పాడు. యోహాను 20 లో "నిలిపి ఉంచితే" అన్నది ఇలాగే కదా ఉంటుంది? ప్రభువుని వేడుకోమన్నాడు, నిజమే, ఈరోజు కూడా ఏ ఫాదర్ అయినా ముందు పశ్చాత్తాపపడి దేవుణ్ణి వేడుకోమనే చెప్తాడు, పశ్చాత్తాపం లేనివాడికి పాపవిమోచన (నీ పాపాలు క్షమించబడ్డాయి అని గురువు పలికే మాట) ఇవ్వడానికి లేదు. 24లో సీమోను "మీరే నా కోసం ప్రభువుని వేడుకోండి" అంటాడు, పేతురు అలా అడగకూడదు అని అతన్ని సరిదిద్దినట్టు లూకా రాయలేదు.

నాకు ఇంకా గట్టిగా అనిపించేది దావీదు కథ. "దావీదు నేరుగా దేవుడికే ఒప్పుకున్నాడు, కీర్తన 51 చూడు" అని చాలామంది అంటారు. కానీ 2 సమూయేలు 12:13 తీయండి. దావీదు "నేను ప్రభువుకి వ్యతిరేకంగా పాపం చేశాను" అని ఎవరితో అన్నాడు? నాతానుతో. "ప్రభువు నీ పాపాన్ని తీసేశాడు, నువ్వు చావవు" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చింది? నాతాను నోట్లోంచి. దేవుడు దావీదుతో నేరుగా మాట్లాడలేక కాదు. అయినా ఆ మాట ఒక మనిషి గొంతులోంచి చెవిన పడేలా చేశాడు. కీర్తన 51 పైన ఉన్న శీర్షికలో కూడా నాతాను వచ్చినప్పుడు అనే ఉంటుంది.

సౌలు (తర్వాత పౌలు) సంగతీ అంతే. దమస్కు దారిలో సాక్షాత్తూ యేసే కనిపించి మాట్లాడాడు, అంతకంటే "నేరుగా" ఏముంటుంది? కానీ ఆ వెలుగులోనే నీ పాపాలు క్షమించాను పో అనలేదు, ఊళ్ళోకి వెళ్ళు అన్నాడు. అననీయ వచ్చి చేతులుంచి "లేచి బాప్తిస్మం పొంది నీ పాపాలు కడిగేసుకో" (అపొ. కార్యములు 22:16) అనేదాకా సౌలు మూడు రోజులు కళ్ళు కనబడకుండా ఉన్నాడు. దేవుడి పద్ధతే అది, మనుషుల్ని పక్కన పెట్టి పనిచేయడం ఆయనకి ఇష్టం లేదు.

ఉపదేశి:
గోధుమగింజ బాగా చెప్పారు. లూకా 24 గురించి నేను చెప్తా. బెరయవాసి గారూ, లూకా రాసింది యోహాను రాసిందాన్ని కొట్టెయ్యదు. సువార్త ఇంకా విననివాళ్ళకి ప్రకటించాలి, విని నమ్మి బాప్తిస్మం పొందితే పాపాలన్నీ పోతాయి, అది మనమూ నమ్ముతాం. మరి బాప్తిస్మం పొందినవాడు మళ్ళీ పడిపోతే? పత్రికల్లో ఇది కనబడుతుంది. 1 కొరింథీ 5 లో పౌలు ఒక మనిషిని సంఘం నుంచి వెలివేయించాడు. 2 కొరింథీ 2 లో పశ్చాత్తాపపడిన ఒకణ్ణి క్షమించి చేర్చుకోమన్నాడు, లేకపోతే మితిమీరిన దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు. ఇద్దరూ ఒకరే అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, ఒకరు కాదనుకున్నా విషయం మారదు, కట్టడం విప్పడం (పాపాన్ని నిలపడం, క్షమించడం) అనేవి ఆ సంఘంలో ఉత్తి ప్రసంగాలు కాదు, ఫలానా మనిషికి జరిగిన పనులు.

తర్వాత 2 కొరింథీ 5:18-20. దేవుడు క్రీస్తు ద్వారా మమ్మల్ని తనతో సమాధానపరుచుకున్నాడు, ఆ సమాధానపరిచే పరిచర్యని మాకు ఇచ్చాడు, మేము క్రీస్తు రాయబారులం, దేవుడే మా ద్వారా వేడుకుంటున్నట్టు మిమ్మల్ని బతిమాలుతున్నాం, దేవునితో సమాధానపడండి. ఎవరికి రాస్తున్నాడు ఇది? అన్యజనులకి కాదు, అప్పటికే బాప్తిస్మం పొందిన కొరింథు సంఘానికి. "మేము", "మీరు" అని రెండు వైపులు పెట్టి మరీ రాశాడు.

మధ్యవర్తి ఒక్కడే అన్నది పూర్తిగా నిజం. కానీ ఆ వచనానికి నాలుగు వచనాల ముందే అందరి కోసం విజ్ఞాపనలు చెయ్యండి అని అదే పౌలు చెప్తున్నాడు. బాప్తిస్మం ఎవరికి వాళ్ళు ఇచ్చుకోరు, ఇంకో మనిషి ఇస్తాడు, దానివల్ల క్రీస్తు మధ్యవర్తిత్వం తగ్గిందని ఏ సంఘమూ అనదు. ఇదీ అంతే.

బెరయవాసి:
సరే, దావీదు నాతాను పోలిక నేను తేలిగ్గా తీసుకోను, ఆలోచించాల్సిందే. కానీ నాతాను ప్రవక్త, దేవుడు ప్రత్యేకంగా పంపితే వచ్చాడు, దావీదు వారం వారం వెళ్ళి చెప్పుకోలేదు. అపొస్తలులకి ఆ అధికారం ఉందనే ఒప్పుకుందాం. ఇప్పుడున్న ఫాదర్లకి ఎలా వచ్చింది? పైగా లూకా 24:33 ప్రకారం ఆ గదిలో పదకొండుమందే కాదు, వాళ్ళతో ఉన్న ఇతరులూ ఉన్నారు. అలాంటప్పుడు ఆ మాట విశ్వాసులందరికీ కదా. యాకోబు 5:16 కూడా "ఒకరితో ఒకరు ఒప్పుకోండి" అంటుంది, పెద్దలతో అని కాదు.

చరిత్ర వైపు చూసినా మూసి ఉన్న గదిలో గురువు చెవిలో చెప్పడం మొదటి శతాబ్దాల్లో కనబడదు. 589లో స్పెయిన్‌లో జరిగిన తొలేదో సభ ఒకడు మళ్ళీ మళ్ళీ పాపం చేసి ఎన్నిసార్లైనా గురువు దగ్గర విమోచన అడగడాన్ని తప్పుపట్టింది. 1215లో నాలుగో లాటరన్ సభ ఏడాదికోసారి తప్పనిసరి చేసింది. అంటే ఇది మెల్లమెల్లగా మనుషులు కట్టుకున్నది.

పాతపుటలు:
బెరయవాసి బ్రదర్ చరిత్ర చదివి వచ్చారు, సంతోషం. మీరు చెప్పిన రెండు తేదీలూ కరెక్టే, దాచాల్సిన పని లేదు. మారింది ఏంటి, మారనిది ఏంటి అని విడదీసి చూడాలంతే.

మొదటి శతాబ్దాల్లో విగ్రహారాధన, హత్య, వ్యభిచారం లాంటి పెద్ద పాపాలకి ప్రాయశ్చిత్తం బహిరంగంగా ఉండేది, ఏళ్ళ తరబడి ఉండేది, చాలా చోట్ల జీవితంలో ఒక్కసారే. తొలేదో సభ కాపాడాలని చూసింది ఆ పాత కఠినమైన పద్ధతిని. ఐర్లాండు సన్యాసుల నుంచి వచ్చిన పద్ధతి, అంటే ఏకాంతంగా ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు చెప్పుకోవడం, 6, 7 శతాబ్దాల నుంచి యూరప్‌లో పాకింది, చివరికి శ్రీసభ దాన్నే అంగీకరించింది. తొలేదోలో కూడా గురువుకి విమోచన ఇచ్చే అధికారం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, ఎన్నిసార్లు ఇవ్వాలి అన్నదే వాళ్ళ బాధ. ఏడు డెబ్బైల సార్లు క్షమించమని మత్తయి 18:22 లో చెప్పిన ప్రభువు మనసుకి తర్వాతి పద్ధతే దగ్గరగా ఉందని నా నమ్మకం.

లాటరన్ సభ కొత్తగా కనిపెట్టలేదు, కనీసం ఏడాదికోసారి అని హద్దు పెట్టింది, అదే నియమంలో విన్నది బయటపెట్టిన గురువుని పదవి నుంచి తీసేసి జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తానికి పంపాలని కూడా ఉంది. 250లో డేసియస్ చక్రవర్తి హింసల్లో భయపడి విగ్రహాలకి బలి అర్పించిన క్రైస్తవులు తిరిగొచ్చినప్పుడు కార్తేజు పీఠాధిపతి సిప్రియాను ఏమన్నాడో చూడండి: బతికుండగానే, గురువుల ద్వారా జరిగే క్షమాపణ ప్రభువుకి ఇష్టమైనదిగా ఉండగానే, ప్రతి ఒక్కరూ తమ పాపం ఒప్పుకోండి అన్నాడు. 1215కి దాదాపు వెయ్యేళ్ళ ముందు. ఆయన కంటే కొంచెం ముందే ఓరిజెన్ కూడా పాపం గురువుకి చెప్పుకోవడానికి సిగ్గుపడకపోవడం గురించి లేవీయకాండం ప్రసంగాల్లో మాట్లాడాడు. కథోలికులతో ఎప్పుడో విడిపోయిన తూర్పు సంఘాల్లో కూడా ఈ సంస్కారం ఉంది, ఇది ఎందుకో చాలామంది గమనించరు.

ఇంకో సంగతి, 1517లో లూథరు కొట్లాడింది పాపపరిహార పత్రాల అమ్మకం మీద, పాపసంకీర్తనం మీద కాదు. లూథరు వాళ్ళ 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 11వ అంశంలో వ్యక్తిగత పాపవిమోచనని సంఘాల్లో అలాగే ఉంచాలి అని స్పష్టంగా ఉంది.

బెరయవాసి:
ఆగ్స్‌బర్గ్ మాట నిజమే, అయితే అందులోనే అన్ని పాపాలూ ఒక్కొక్కటిగా చెప్పక్కర్లేదు అని కూడా ఉంది. అది కూడా చెప్పాలి కదా బ్రదర్.

పాతపుటలు:
అవును ఉంది. అక్కడే వాళ్ళకీ మాకూ తేడా, 1551లో కథోలికుల ట్రెంట్ సభ చావైన పాపాలు (దేవుడి నుంచి విడదీసే ఘోర పాపాలు) రకం, సంఖ్యతో సహా చెప్పాలి అంది. కానీ పాపిని విమోచించే మాట ఇంకో మనిషి నోటి నుంచి వినడం వాక్యానికి వ్యతిరేకం అని లూథరు వాళ్ళు కూడా అనుకోలేదు.

ఉపదేశి:
వారసత్వం ప్రశ్నకి వస్తా. "తండ్రి నన్ను పంపినట్టు" అన్నాడు. పాపం అపొస్తలుల చావుతో ఆగిపోలేదు, మందు ఆగిపోతుందా? లోకాంతం వరకు మీతో ఉంటా అని మత్తయి 28:20 లో చెప్పింది వాళ్ళ ఆయుష్షు వరకే కాదుగా. యూదా స్థానం ఖాళీ అయితే అపొ. కార్యములు 1 లో మత్తీయని తీసుకున్నారు, పౌలు తిమోతి మీద చేతులుంచాడు (2 తిమోతి 1:6), తీతుని క్రేతులో ఉంచి ఊరూరా పెద్దల్ని నియమించమన్నాడు (తీతు 1:5). గదిలో వేరేవాళ్ళు ఉన్నారన్నది లూకా ప్రకారం నిజం, యోహాను మాత్రం వెంటనే "పన్నెండుమందిలో ఒకడైన తోమా అప్పుడు లేడు" అని ప్రత్యేకంగా రాస్తాడు, అతని దృష్టి ఆ పన్నెండుమంది మీదే ఉంది. బహుమానం సంఘమంతటికీ, పరిచర్య మాత్రం నియమించబడిన వాళ్ళది, అప్పుడే రెండూ నిలుస్తాయి.

యాకోబు 5:16 ఒక్కటే తీసుకుంటే ఫాదర్ కనబడడు, ఒప్పుకుంటా. కానీ 14 నుంచి చదివితే రోగి సంఘపు పెద్దల్ని పిలిపించాలి, వాళ్ళు ప్రార్థించి నూనె రాయాలి, అతను పాపాలు చేసి ఉంటే క్షమించబడతాయి, "కాబట్టి" ఒప్పుకోండి అని ఉంది. పెద్దలు నిలబడి ఉన్న చోటే ఆ మాట వచ్చింది. ఒప్పుకుంటే గురువు ప్రాయశ్చిత్తం చెయ్యడం లేవీయకాండం 5:5-6 లోనే ఉంది, యూదుడైన యాకోబుకి ఇది వింతేమీ కాదు.

గాయపడినవాడు:
మీరంతా వచనాలు బాగా చెప్తున్నారు. నాకు ఒకటే ప్రశ్న. ఆ కూర్చున్న ఫాదర్ నాకంటే పెద్ద పాపి అయితే? నేను ఒకసారి పాపసంకీర్తనంలో చాలా కఠినంగా తిట్లు తిన్నాను, అప్పట్నుంచి ఆ వైపు వెళ్ళలేదు. అలాంటి మనిషి నోటి నుంచి దేవుడి క్షమాపణ వస్తుందని ఎలా నమ్మాలి?

గోధుమగింజ:
అన్నా, ముందు అలా జరిగినందుకు చాలా బాధగా ఉంది. తప్పిపోయిన కుమారుడు ఇంటికొస్తే తండ్రి ఎదురు పరుగెత్తాడు, గడప దగ్గర నిలబెట్టి కడిగెయ్యలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఆ తండ్రిలా ఉండాల్సిన బాధ్యత ఉంది, ఉండకపోతే దానికి వాళ్ళు లెక్క చెప్పాలి.

కానీ ఆయన పాపి అయితే మీ క్షమాపణ చెల్లదేమో అన్న భయం మాత్రం పెట్టుకోకండి. ఆ రాత్రి ఊపిరి అందుకున్న పదిమంది ఎవరు? మూడు రోజుల క్రితం ఆయన్ని వదిలి పారిపోయినవాళ్ళు, వాళ్ళలో పేతురు అయితే నాకు తెలీదని మూడుసార్లు అన్నవాడు. అది తెలిసే ఇచ్చాడు. నాలుగో శతాబ్దంలో దొనాతిస్టులు అనే చీలిక వర్గం వాళ్ళు పవిత్రులు కానివాళ్ళు ఇచ్చే సంస్కారాలు చెల్లవు అన్నప్పుడు పునీత అగస్టీను ఎదురు నిలిచింది దీని మీదే, బాప్తిస్మం ఎవరిచ్చినా ఇచ్చేది క్రీస్తే అని. విమోచన ఇచ్చే ఫాదర్ కూడా ఇంకో ఫాదర్ ముందు మోకరించాల్సిందే, 2014 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ పునీత పేతురు బసిలికాలో అందరి ముందే వెళ్ళి మోకరించి పాపసంకీర్తనం చేశారు. మీకు నచ్చిన వేరే గురువు దగ్గరికి వెళ్ళే స్వేచ్ఛ శ్రీసభ చట్టం 991వ నియమంలో ఉంది, తెర వెనక నుంచి చెప్పొచ్చు, ముఖం చూపించక్కర్లేదు. విన్నది ఏ కారణానికీ ఎవరికీ చెప్పకూడదు, చంపుతామన్నా చెప్పకూడదు.

గాయపడినవాడు:
పారిపోయినవాళ్ళకే ఇచ్చాడు అన్నది నేను ఎప్పుడూ అలా చూడలేదు. థాంక్స్ అన్నా. చాలా ఏళ్ళైంది, ఎలా మొదలుపెట్టాలో కూడా మర్చిపోయా.

చిన్నమంద:
నాకు ఇంకో డౌట్. సిలువ మీద దొంగ ఎవరికీ చెప్పలేదు, ఆ రోజే పరలోకానికి వెళ్ళాడు. ఫాదర్ అందుబాటులో లేకుండా చనిపోతే మన పరిస్థితి ఏంటి?

ఉపదేశి:
అతను యేసుకే చెప్పుకున్నాడమ్మా, పక్క సిలువ మీద ఉన్న మనిషికి, నోరు తెరిచి, అందరూ వింటుండగా. "మాకు ఇది న్యాయమే" అన్నాడు, జవాబు చెవులారా విన్నాడు. అప్పటికి యోహాను 20 ఇంకా జరగలేదు కూడా. నీ రెండో ప్రశ్నకి: దేవుణ్ణి ప్రేమించి, ఆయన్ని బాధపెట్టినందుకే దుఃఖపడి, వీలైనంత త్వరగా పాపసంకీర్తనం చేస్తానని నిశ్చయించుకున్నవాడికి చావైన పాపాలు కూడా అప్పుడే క్షమించబడతాయి, సత్యోపదేశం 1452. నేరుగా దేవుణ్ణి వేడుకోకూడదని శ్రీసభ ఎప్పుడూ అనలేదు, ప్రతి రాత్రి వేడుకోమనే చెప్తుంది. నీ ఫ్రెండ్‌కి ఇది తప్పకుండా చెప్పు.

బెరయవాసి:
ఇది నాకు తెలీదు ఉపదేశి గారూ. మీరు నేరుగా ప్రార్థించడాన్ని కాదంటారనే అనుకున్నా. వారసత్వం విషయంలో నేను ఇంకా ఒప్పుకోలేను, తీతు 1:5 లో పెద్దల నియామకం ఉంది కానీ క్షమించే అధికారం ఇచ్చినట్టు లేదు. కానీ యోహాను 20:23 ఉత్తి ప్రకటనే అని ఇకమీదట అంత తేలిగ్గా అనను, "నిలిపి ఉంచితే" అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు నాకే సరిపోవట్లేదు.

ఉపదేశి:
మీ నిజాయితీకి దేవునికి స్తోత్రం బ్రదర్. తీతు గురించి విడిగా ఒక చర్చ పెడదాం, అపొస్తలుల వారసత్వం ఇక్కడ నాలుగు మాటల్లో తేలేది కాదు.

గాయపడినవాడు గారూ, మీకోసం. వెళ్ళే ముందు కాసేపు ఒంటరిగా కూర్చుని పది ఆజ్ఞలు దగ్గర పెట్టుకుని మనస్సాక్షిని చూసుకోండి, దుఃఖపడండి, మళ్ళీ చెయ్యకూడదని నిశ్చయించుకోండి. లోపలికి వెళ్ళి "ఫాదర్, చాలా ఏళ్ళైంది, ఎలా చెప్పాలో మర్చిపోయాను, సాయం చెయ్యండి" అనండి, ఆ ఒక్క మాట చాలు మొదలుపెట్టడానికి. పెద్దవి ముందు చెప్పండి, కథలు అక్కర్లేదు, ఇతరుల పేర్లు అసలే వద్దు. ఎవరికైనా నష్టం చేసి ఉంటే జక్కయ్యలా తిరిగివ్వాలి, ఎలా ఇవ్వాలో అక్కడే అడగండి. ఇచ్చిన ప్రాయశ్చిత్తం తప్పకుండా చెయ్యండి.

గాయపడినవాడు:
ఇన్నేళ్ళవి కదా, కొన్ని గుర్తు రాకపోతే?

ఉపదేశి:
కావాలని దాచకపోతే చాలు. నిజంగా మర్చిపోయినవి కూడా ఆ విమోచనలోనే పోతాయి. తర్వాత ఏదైనా పెద్దది గుర్తొస్తే ఈసారి వెళ్ళినప్పుడు చెప్పండి, అప్పటిదాకా సత్ప్రసాదం (పూజలో తీసుకునే ప్రభు భోజనం) మానెయ్యక్కర్లేదు.